ఆడపెళ్లివారి ఊరు

ఏలేటిపట్నానికి అన్నీ ఉన్నాయి. రైలుస్టేషనుంది, రెండు సినిమా హాళ్లున్నాయి, కాలువ ఉంది, కాలువ నిండా గుర్రపుడెక్క ఉంది. లేనిదల్లా బయటినుంచి వచ్చిన కంపెనీ. అది లేదన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. సోడాలు కొట్టేవాడు సోడాలు కొట్టుకుంటున్నాడు, గడ్డాలు గీసేవాడు గడ్డాలు గీసుకుంటున్నాడు. రాజధానిలో ఎవరో పనిలేక పట్టణాలన్నిటికీ ర్యాంకులు కట్టి పేపర్లో వేయించారు గనక బయటపడింది. ఏ ఊరికి ఎన్ని వ్యాపారాలు వేరే ఊళ్లనుంచి తరలివచ్చాయి అన్నదే లెక్క. కాలువ అవతలి దొరవాగుకు మూడొచ్చాయి. ఏలేటిపట్నానికి సున్నా.

ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న వ్యాపారాల గురించి ఆ ర్యాంకుల్లో ఒక్క మాట లేదు. ఉన్నవి ఎలాగూ ఉన్నాయి, వాటి గురించి చెప్పేదేముంది!

మున్సిపల్ ఛైర్మన్ గంగరాజుగారు ఈ సున్నాను మామూలుగానైతే పట్టించుకునేవారు కారు. కానీ దొరవాగు ఛైర్మను ఆయనకు స్వయానా తోడల్లుడు. అత్తవారింట్లో ఏదో గృహప్రవేశానికి వెళితే ఆ తోడల్లుడు పక్క విస్తట్లో కూర్చుని, పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "మాకు మూడొచ్చాయండి అన్నయ్యగారూ. మీకేమన్నా వచ్చాయా?" అన్నాడు. గంగరాజుగారు పెరుగన్నం కలపకుండానే లేచిపోయారు.

మర్నాడే హైదరాబాదునుంచి ఒక నిపుణుణ్ని పిలిపించారు. ఆ నిపుణుడు టౌన్‌హాల్లో తెరమీద బొమ్మలు చూపించి, చివర్లో, "పెట్టుబడి పెట్టేవాణ్ని కొత్త పెళ్లికొడుకులా చూసుకోవాలి" అన్నాడు. మాటవరసకి అన్నాడు. అనేసి సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయాడు.

విన్నవాడు పరాంకుశం. మున్సిపాలిటీలో కొత్తగా పుట్టిన ఆహ్వానాధికారి పదవిలో కూర్చున్న మనిషి. చెడ్డవాడు కాదు. ఆయనకు మాటవరస అనే వరస తెలియదు, అంతే. వారం తిరక్కుండా 'ఆగంతుక పరిశ్రమల మర్యాదల విధానం' తయారుచేశాడు. దాని ప్రకారం బయటినుంచి వచ్చే కంపెనీ మగపెళ్లివారు, ఊరంతా ఆడపెళ్లివారు. కాలువ వంతెన దగ్గర ఎదుర్కోలు జరగాలి. బ్యాండుమేళం, పానకం, పూలదండలు, కాళ్లు కడగడం. ఆపైన విడిది. పెళ్లికొడుకు అలిగితే అలక తీర్చే ఏర్పాటు. పదహార్రోజుల పండగ అయ్యాక ఆ కంపెనీ ఊరిదైపోతుంది, అప్పటితో మర్యాదలు చాలు.

ఛైర్మన్‌గారు అంతా విని, "బానే ఉందిగానీ పరాంకుశం, పెళ్లికూతురెవరయ్యా?" అన్నారు.

"ఊరే సార్."

"మరి పెళ్లికూతురికి ఇష్టమేనా?"

"ఆ అంశం విధానంలో లేదు సార్."

లేదంటే ఇక లేనట్టే. విధానం అమల్లోకి వచ్చింది.

విడిది కావాలి. పరాంకుశం ఊరంతా తిరిగి కాలువగట్టు మీది పొడుగాటి పెంకుటి షెడ్డు దగ్గర ఆగాడు. అది మున్సిపాలిటీదే. ఎన్నో ఏళ్లుగా అందులో మంగతాయారు అప్పడాలు చేయిస్తోంది. యాభై దాటిన మనిషి. గొంతు పెద్దది. ఇల్లు షెడ్డు వెనక సందులోనే. ఆవిడ కింద పన్నెండుమంది ఆడవాళ్లు. మినప్పిండి ముద్దను రోకళ్లతో దంచేవాళ్లు కొందరు, దారంతో ఉండలు కోసేవాళ్లు కొందరు, పీటలమీద ఒత్తేవాళ్లు కొందరు. ఒత్తిన అప్పడం ఎండలో పడేస్తే వంకర్లు తిరిగిపోతుంది. నీడలో, గాలికి ఆరాలి. కాలువ మీదినుంచి వచ్చే గాలి, పైన పెంకుల నీడ, ఈ రెండూ కలిసిన చోటు ఆ ఊళ్లో అదొక్కటే. ఆ షెడ్డు పోతే మంగతాయారు అప్పడం పోతుంది. అప్పడం పోతే పన్నెండు పొయ్యిలు ఆరిపోతాయి, ఆవిడదాంతో కలిపి పదమూడు.

పరాంకుశం గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు. "తాయారమ్మగారూ, శుభవార్త. ఈ కట్టడం మన ఊరి విడిదిగా ఎంపికైంది."

"సంతోషం. మరి మేమో?"

"మీరు సహకరిస్తారు."

"ఎలాగండి?"

"ఖాళీ చేసి."

రోకళ్లు ఆగిపోయాయి. పిండి దంచే నూకాలు నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "ఎవరొత్తన్నారు బాబూ?"

"ఎవరైనా రావచ్చునమ్మా. అందుకే ఖాళీగా ఉండాలి."

"వచ్చి ఏం సేత్తారంట?"

"ఉపాధి కల్పిస్తారు. అందులోనూ మహిళలకు ప్రాధాన్యం."

పన్నెండుమంది మహిళలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మరి మేం ఇప్పుడు సేత్తందేటి?" అంది నూకాలు.

"అది పని," అన్నాడు పరాంకుశం ఓపిగ్గా. "నేను చెప్పేది ఉపాధి."

ఆ మధ్యాహ్నమే మంగతాయారు కొంగు నడుముకి చెక్కుకుని, పిండి చేతులు కడుక్కోకుండానే ఛైర్మన్‌గారి గదిలోకి వెళ్లింది. "ఏవండీ గంగరాజుగారూ, పొరుగూరివాడొచ్చి పదిమందికి పనిస్తానంటే వాడికి పీటేస్తారు. ఊళ్లో ఉండి పన్నెండుమందికి పనిస్తన్నదాన్ని పీట లాగేస్తారా?"

"తప్పుగా అనుకోకమ్మా," అన్నారు ఛైర్మన్‌గారు. "ఊరి కోసం కొంచెం త్యాగం."

"ఏ ఊరికోసమండీ? నేను ఊరు కాదా?"

ఛైర్మన్‌గారు పరాంకుశం వైపు చూశారు. పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "మీది ప్రస్తుతం విద్యమానమైన పరిశ్రమ. మా లక్ష్యం ఆకర్షణ. విద్యమానమైనదాన్ని ఆకర్షించడం సాంకేతికంగా సాధ్యం కాదు."

"పెళ్లాం ఇంట్లోనే ఉంది కదాని అన్నం పెట్టడం మానేస్తారా మీరు?"

"వ్యక్తిగత ప్రశ్నలకు విధానంలో చోటు లేదు." కానీ ఆవిడ మొహం చూసి ఆయనకు నిజంగానే జాలేసింది. గొంతు తగ్గించి, "ఏం చేయనమ్మా, మీరే గనక దొరవాగునుంచి వచ్చి ఉంటే ఈపాటికి మీ కాళ్లు కడిగి ఉండేవాళ్లం" అన్నాడు.

మంగతాయారు తలుపు దగ్గర ఆగింది. "మాటవరసకి అంటన్నారా, నిజంగానా?"

"నేను మాటవరసకి ఏదీ అననమ్మా."

మర్నాడు పొద్దున షెడ్డు ఖాళీ అయింది. రోకళ్లు, రోళ్లు, పీటలు, అప్పడాల కర్రలు, పన్నెండుమంది ఆడవాళ్లు, వెనక చక్రానికి గాలి తక్కువున్న ఒక ట్రాక్టరు. పరాంకుశం ఎంతో సంతోషించాడు. విడిది ఇంత మర్యాదగా ఖాళీ అవుతుందని ఆయన అనుకోలేదు.

దొరవాగులో వాళ్లకు బ్రహ్మాండంగా జరిగింది. అక్కడి అధికారి ఎదురొచ్చి శాలువా కప్పాడు, ఫోటో తీయించాడు, రేకుల గోడౌను చూపించాడు. తోడల్లుడి ఊరికి మూడు నాలుగైంది. రేకుల కింద అప్పడాలు మాత్రం మధ్యాహ్నానికల్లా కుక్కచెవుల్లా ముడుచుకుపోయాయి. ఒత్తినవి ఒత్తినట్టు పారబోయాల్సి వచ్చింది. "ఈ ఊరి గాలికి మనం నచ్చలేదక్కా," అంది నూకాలు విసనకర్రతో విసురుకుంటూ. గుమ్మానికి బోర్డు తగిలించి, దొరవాగు కంపెనీ అని నలుగురికీ తెలిసేదాకా ఉండి, మళ్లీ ట్రాక్టరెక్కారు.

దొరవాగు అధికారి అడ్డు పడతాడేమోనని మంగతాయారు భయపడింది. ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. "సుఖంగా వెళ్లిరండమ్మా. మీరొచ్చిన సంగతి పైకి పంపేశాం. వెళ్లిన సంగతి పైవాళ్లు అడగరు."

వంతెన దగ్గర ఎదుర్కోలు చూసి నూకాలు నోరు తెరిచింది. బ్యాండుమేళం వాళ్లు ఎర్రకోట్లు వేసుకుని వాయిస్తున్నారు. బిందెల్లో పానకం. అటూ ఇటూ మున్సిపాలిటీ సిబ్బంది పళ్లాలు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు పట్టుపంచెలో పరాంకుశం.

"తమరు ఎక్కడినుంచి విచ్చేస్తున్నారు?"

"నేనండీ, తాయార్ని. మొన్ననేగా మీరు..."

"అమ్మా," పరాంకుశం దండ వేసే నెపంతో ముందుకొంగి చెవిలో గొణిగాడు. "దొరవాగు అనండి."

"దొరవాగునుంచండి."

"దొరవాగునుంచి!" అని ఆయన గట్టిగా అరిచాడు. బ్యాండు మోగింది. కాళ్లు కడిగే ఘట్టం వచ్చింది. వచ్చింది కంపెనీ గనక కంపెనీ కాళ్లు కడగాలి. కంపెనీ కాళ్లంటే ఏవి అన్నదాని మీద కాసేపు చర్చ జరిగి, ట్రాక్టరు చక్రాలని తేలింది. గంగరాజుగారు ఇత్తడి పళ్లెం పెట్టుకుని గొంతుక్కూర్చున్నారు. "కుడికాలు ముందు సార్," అని పరాంకుశం అందించాడు. ఛైర్మన్‌గారు కుడి చక్రాన్ని బురద పోయేదాకా కడిగి, తువ్వాలుతో తుడిచి, పసుపు రాశారు. తరవాత లేచి మైకు పట్టుకుని, "ఇన్నాళ్లూ మన పట్టణంలో అప్పడాల పరిశ్రమ అన్నదే లేదు. ఆ కొరత నేటితో తీరింది" అన్నారు. ఇన్నాళ్లూ ఆ అప్పడాలే తిన్న జనం చప్పట్లు కొట్టారు.

"ఏటక్కా, మనూళ్లో మనం సుట్టాలమా?" అంది నూకాలు పానకం గ్లాసు పట్టుకుని.

"ఊరుకో. బెల్లం బాగానే వేశారు, తాగు."

విడిది ఇచ్చారు. విడిదంటే వాళ్ల షెడ్డే. వెళ్లినప్పుడు కారే పెంకులు ఇప్పుడు కారడం లేదు. కొత్తగా సున్నం కొట్టించారు, గట్టుదాకా రోడ్డు వేయించారు. ఏళ్ల తరబడి తిరిగినా రాని కుళాయి గుమ్మంలోనే ఉంది. అప్పడాలు ఎప్పట్లాగే చక్కగా ఆరాయి. ఏలేటిపట్నం సున్నా ఒకటైంది.

సాయంత్రం సోడా వీరభద్రుడు సైకిలు దిగకుండానే గుమ్మంలో కాలు ఆన్చాడు. సోడా బండివాడు, ఊళ్లో ఆయన కొట్టినట్టు సోడా ఎవరూ కొట్టరు. "తాయారక్కా, ఆ ట్రాక్టరోడి పేరేటే?"

అంతే. ఆ వారం ట్రాక్టరువాడికి తిండి తినే తీరిక లేకపోయింది. వీరభద్రుడు వెళ్లాడు, వెనకే సైకిలు షాపువాడు, కుట్టుమిషన్లవాళ్లు, బస్టాండు దగ్గరి టిఫిను హోటలు ఇడ్లీపాత్రలతో సహా. దొరవాగునుంచి కూడా ఇలాగే బయల్దేరారు, అక్కడ మాత్రం మనుషులు కారా! వంతెన మీద వెళ్లే బళ్లు, వచ్చే బళ్లు ఎదురుపడి ఇరుక్కుంటుంటే ఒక కానిస్టేబులును వేశారు. "మీరు మగపెళ్లివారా, ఇంకా పోతున్నారా?" అని అడిగి అతను దారి ఇచ్చేవాడు. మంగళవారం బ్యాండుమేళంవాళ్లు కూడా ఊరు వదిలి వెళ్లారు. తిరిగొచ్చిన రోజున వాయించేవాళ్లు లేక, తమ ఎదుర్కోలు తామే వాయించుకుంటూ వంతెన దిగారు. పానకం చేసే మనిషి దారిలో ఉంది గనక పానకం పరాంకుశమే కలిపాడు. దండలు కట్టేవాడు కూడా దారిలోనే. కాయితం దండలు వేశారు.

వీరభద్రుడు మగపెళ్లివారి హోదాలో బాగా రెచ్చిపోయాడు. విడిది అప్పటికే నిండి ఉంది గనక ఆయనకు టౌన్‌హాలు ఇచ్చారు. వచ్చిన రోజునే ఐసుముక్కలు లేవని అలిగి, బండి బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. పరాంకుశం రైల్లో మనిషిని పంపించి మరీ పక్క జిల్లానుంచి ఐసు తెప్పించాడు. ఐసు వచ్చేదాకా వీరభద్రుడి పదహార్రోజుల పండగ ముందుకు కదల్లేదు. "అలకలో ఉన్న కాలం లెక్కలోకి రాదు," అని పరాంకుశం స్వయంగా వివరించాడు. "పెళ్లికొడుకు అలక పాన్పు మీద ఉండగా పెళ్లి ముందుకెలా నడుస్తుంది?"

మంగతాయారు ఈ మాట వింది. ఉండలు కోస్తోంది, దారం పంటికింద ఉంది.

ఊళ్లో సోడా దొరకడం మానేసింది. చెప్పు తెగితే కుట్టేవాడు లేడు. మంగలి దొరవాగులో ఉన్నాడు గనక ఛైర్మన్‌గారి గడ్డం గుబురుగా పెరిగింది. పేపర్లో ఆ ఫోటో చూసినవాళ్లు ఏదో మొక్కు ఉందనుకున్నారు. ఇడ్లీ కావాలంటే హోటలు ఎక్కడిదాకా వచ్చిందో వంతెన మీది కానిస్టేబులుని అడగాల్సిందే. కానీ ర్యాంకుల్లో ఏలేటిపట్నం మొదటి స్థానానికి ఎగబాకింది. దొరవాగు రెండోది. తోడల్లుళ్లిద్దరూ గడ్డాలతో రాజధాని వెళ్లి జ్ఞాపికలు తీసుకున్నారు. బెల్లం పెట్టి చేసిన పానకం ఖర్చు ఎందుకని ఎవరో అడిగితే, ప్రగతికి బెల్లం అడ్డా అని గంగరాజుగారు ఎదురడిగారు.

ఆ రోజుల్లోనే ఒక కారు వచ్చింది. అందులో ఇద్దరు మనుషులు. ఎక్కడో దూరపు ఊళ్లో ఉన్న పెద్ద కార్ఖానాకు స్థలం చూడటానికి వచ్చారు, నిజంగానే. వంతెన మీద ట్రాక్టర్ల మధ్య చాలాసేపు ఇరుక్కున్నారు. ఎలాగో ఊళ్లోకి వచ్చి టీ కోసం తిరిగారు. హోటలు లేదు. టైరు పంక్చరయితే వేసేవాడు లేడు. రోడ్డు మీదే ఆగి స్టెప్నీ తామే మార్చుకున్నారు. పరాంకుశం వాళ్లను చూశాడు, కానీ ఆ వేళ వంతెన దగ్గర కుట్టుమిషన్ల కాళ్లు కడగాల్సి ఉంది. పైగా వాళ్లతో సామాన్లు లేవు. "వ్యాపారం లేని ఊరికి వచ్చామేమిటి?" అనుకుంటూ వాళ్లు వెనక్కి తిరిగిపోయారు. కాళ్లు కడగని చక్రాల గుర్తులు రెండ్రోజులు రోడ్డు మీద ఉండి, ఆ మీదట వాన పడితే పోయాయి.

ఇంతలో మంగతాయారు వాళ్ల పదహార్రోజుల పండగ రేపనగా, పరాంకుశం పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని విడిదికి వచ్చాడు. మొహమంతా నవ్వు.

"అభినందనలు తాయారమ్మగారూ. రేపటినుంచి మీరు మనవాళ్లే."

"మనవాళ్లయితే?"

"ఖాళీ చెయ్యాలమ్మా."

నూకాలు రోకలి చేతిలో పట్టుకునే లేచింది. పరాంకుశం పళ్లెం కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. "నన్నేం చేయమంటారు? మనవాళ్లకి విడిదేమిటి? ఏ ఊళ్లోనైనా ఆడపెళ్లివారు విడిదిలో ఉంటారా? కొత్తగా వచ్చేవాళ్లకి ఇవ్వాలి. రేపు గాజులవాళ్లు దిగుతున్నారు."

"గాజులవాళ్లకి నీడెందుకండీ? వాళ్ల గాజులు ఎండకి వంకరపోతాయా?" అంది మంగతాయారు.

"వస్తువు స్వభావం విధానంలో లేదు."

"మళ్లీ దొరవాగు వెళ్లొస్తే?"

"నిరభ్యంతరంగా. కాళ్లు కడుగుతాం."

ఆయన వెళ్లాక పన్నెండుమందీ గుంపుగా చేరారు. "నా వల్ల కాదక్కా," అంది నూకాలు. "ఇంకోమాటు ఆ ట్రాక్టరెక్కితే నా నడుం ఇక అతకదు. ఎన్నిసార్లెళ్తాం, ఎన్నిసార్లొత్తాం? మనిషి బతుకా, బస్సు బతుకా ఇది? ఆళ్లకి ఉన్నోళ్లొద్దు. వచ్చినోళ్లూ వద్దు. వత్తన్నోళ్లే కావాలి."

మంగతాయారు ఆ మాట పట్టుకుంది. పీట మీదినుంచి లేచింది. ఒత్తుతున్న అప్పడం కూడా వదిలేసి, అదే పీట చంకన పెట్టుకుని గట్టు వెంబడి వంతెన మీదికి నడిచింది. నడిచి, వంతెన దాటి, అవతలి చివర పీట వేసుకుని కూర్చుంది. మొహం దొరవాగు వైపు తిప్పుకుంది.

పరాంకుశం పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటమ్మా ఇది?"

"అలిగాను."

ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఆయన మొహంలో కోపం లేదు. చాలాకాలం తరవాత విధానంలోని ఒక అంశం సరిగ్గా అమలవుతోందన్న తృప్తి ఉంది. "ఎవరు, కంపెనీయేనా?"

"కంపెనీయే. కంపెనీ అంటే నేనేగా."

"మరి విడిదిలో ఉన్నవాళ్లు?"

"మగపెళ్లివారి తాలూకు. పెళ్లికొడుకు అలిగితే చుట్టాలు అన్నం మానేస్తారా? వాళ్ల పాటికి వాళ్లుంటారు. ఊరికే కూర్చోలేక రెండప్పడాలు ఒత్తుకుంటారు."

"న్యాయమే. ఏం కావాలో సెలవివ్వండి. ఫ్యానా? ఐసా?"

"చెప్పను."

"చెప్పకపోతే ఎలా తీర్చమంటారు?"

"చెపితే తీర్చేస్తారు. తీరిస్తే పండగ నడుస్తుంది. పండగైతే ఖాళీ చేయమంటారు." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "మీ ఊళ్లో అలిగినవాళ్లకే నీడుంది పరాంకుశంగారూ. నేను అలగడం మానను."

పరాంకుశం చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఛైర్మన్‌గారికి అసలే కనిపించలేదు. వచ్చేసిన కంపెనీ ఒకసారే లెక్క. వస్తూ ఉన్న కంపెనీ ప్రతి నెలా లెక్క. "అలగనియ్యవయ్యా," అన్నారాయన గడ్డం నిమురుకుంటూ. "ఒక పందిరి వేయించు."

పందిరి వేశారు. తరవాత పందిరి కాస్తా రేకుల గది అయింది, గదికి అలకమండపం అని పేరు పెట్టారు, గోడ మీద రంగులతో పెళ్లికొడుకు బొమ్మ వేయించారు. రోజూ పొద్దున పరాంకుశం దండ పట్టుకొచ్చి, "ఈవేళైనా దయ చేస్తారా?" అనేవాడు. మంగతాయారు మొహం తిప్పుకునేది. ఆయన దండ అక్కడే వేలాడదీసి వెళ్లిపోయేవాడు. ఇవతల షెడ్డులో అప్పడాలు ఆరుతూనే ఉన్నాయి, పన్నెండు పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి. వీరభద్రుడు బండి తోసుకొచ్చి ఆవిడ పక్కనే అలిగాడు. టిఫిను హోటలూ అక్కడే అలిగింది. ఏలేటిపట్నంవాళ్లు సోడా తాగాలన్నా, అట్టు తినాలన్నా వంతెన దాటి వెళ్లి తిని తిరిగి ఊళ్లోకి వచ్చేవారు. గంగరాజుగారు కూడా మంగలి అలిగిన చోటికి కారులో వెళ్లి గడ్డం తీయించుకొచ్చారు.

మంగతాయారు మాత్రం వంతెన దాటి రాలేదు. కాలువకి ఇవతలగా, షెడ్డు వెనక సందులో, ఆవిడ ఇంటి కప్పు ఆవిడకి కనిపిస్తూనే ఉండేది. పెంకొకటి జారింది. చూస్తూనే ఉంది. మండపంలో నిద్ర పట్టేది కాదు. దొరవాగు వైపునుంచి వీచే గాలి ఆవిడకి మొదట్నుంచీ పడలేదు.

ఒక మధ్యాహ్నం నూకాలు గిన్నెలో అన్నం, మూత మీద వేయించిన అప్పడం పట్టుకుని వచ్చింది. పక్కన కూర్చుని, కాసేపు చీరంచు సవరించుకుంది.

"అక్కా, మా పెద్దదానికి మగపిల్లోడు పుట్టాడు."

"చెప్పారులే. ఎలా ఉన్నాడు?"

"నల్లగా, గట్టిగా ఉన్నాడు. అరిత్తే సందంతా వినపడద్ది. రేపు బారసాల. నువ్వు రాకపోతే పేరెట్టనంటంది మా పెద్దది. ఉయ్యాల్లో మొదటి చెయ్యి నీదే పడాలంట. పొద్దున్నే వచ్చి, పది మందిలో కనపడి, సీకటి పడకుండా ఎల్లిపోదువుగాని. ఎవరు సూడొచ్చారక్కా?"

మంగతాయారు అప్పడం విరిచింది. బాగా ఆరింది. చప్పుడు వంతెన మీదిదాకా వినిపించింది. తినకుండా చేతిలోనే పట్టుకుని, కాలువ మీదుగా తన ఇంటి కప్పు వైపు చూసింది.

"ఈ దూరానికి నేను రాలేనని కాదే నూకాలూ. ఊళ్లో కాలు పెట్టానంటే ఊరిదాన్నయిపోతాను. ఊరిదాన్నయితే, ఇంక ఊళ్లో ఉండనివ్వరు."